పద్నాలుగు చెట్ల రింగులు

చెట్టుకి ముప్పై రూపాయలు.
దింపు తీసేవాడికి ఇంకో లెక్క రాదు.
బండి ఎనభై చెట్లు.
రింగులు పద్నాలుగు, ప్లగ్గు నాలుగు,
పానా మాత్రం అరువు.

మొన్నటి వరదకి ఊడిమూడిలంకలో
మూడు రోజులు మునిగిన రాజదూత్ అది.
పాత ఇనప సామాన్ల గణేశ్వరరావు
తూకానికి వేసేసేవాడే, నేను అడ్డం పడ్డాను.
అంబాజీపేట సెంటర్లో జిలానీ
హేండిల్ పట్టుకుని ఓసారి ఇటూ అటూ తిప్పి
"దీనికి తగలేసే డబ్బుల్తో మేకని కొనుక్కోవయ్యా,
పాలన్నా ఇస్తాది" అన్నాడు.

పాలు ఇదీ ఇచ్చింది.
గేరు ఆయిలు బోల్టు విప్పితే
చిక్కటి టీలా దిగింది తపేలాలోకి,
దాని వెనకాల ఒండ్రు.
వేళ్ళ మధ్య రాస్తే పిండి.
ఇదే ఒండ్రు అరటితోటకి పడితే
గెలని ఇద్దరు మొయ్యాలి.
ఇక్కడ సిలిండర్ గోడ మీద
గోరుకి తగిలేంత గీత పెట్టి పోయింది.
గోదారికేం తెలుసు, ఏది పొలమో ఏది ఇంజనో.
అన్నిటికీ ఒకటే పెట్టుబడి పెడతాది.

పిస్టన్ పట్టేసింది.
కిరసనాయిలు పోసి, గుడ్డ కప్పి, పడుకున్నాను.
పడుకోలేదు.
"బండికేటి, జ్వరమా?
మాటిమాటికీ లేచి చూత్తన్నావు" అంది పల్లాలమ్మ.
మూడో రోజు ఎండు మట్ట మొదలు పెట్టి కొట్టాను,
సుత్తయితే పగులుద్దని.
కదిలింది.
వెంట్రుకవాసి.
ఆ రోజు పనికెళ్ళలేదు. పన్నెండు చెట్లు పోయినట్టే,
ఆ లెక్క ఎక్కడా రాయలేదు.

గాస్కెట్ అమలాపురంలో దొరుకుద్దన్నారు, బస్సు ఛార్జీ వేరే.
మేనకోడలి శుభలేఖ అట్ట దళసరిగా ఉంది.
కేసింగు అంచు మీద పరిచి
చిన్న సుత్తితో టకటకా తడుతూ పోతే
అంచే తనకి కావల్సినంత కోసుకుంది.
ఇప్పుడు ఇంజను లోపల ఎక్కడో
"ఉదయం పది గంటల పన్నెండు నిమిషములకు"
అన్న ముక్క ఉంది.
గ్రీజు రాసి మూసేశాను.

పాయింట్లకి ఉప్పుకాగితం.
సందు కొలవడానికి రేకు లేదు.
గడ్డం బ్లేడ్లు నాలుగు ఒకదాని మీదొకటి పెడితే సరీగ్గా అంతేనని
జిలానీ కొడుకు చెప్పాడు,
వాళ్ళ నాన్న టీకి వెళ్ళినప్పుడు.

చెట్టు మీద బంధం జారే ముందు
చీలమండకి తెలుస్తుంది.
బోల్టు తెగే ముందు
మణికట్టుకి తెలుస్తుంది.
ఒకటి తెగాకే తెలిసిందనుకోండి.

కిక్కు కొట్టాను.
ముప్పైఏళ్ళుగా తన్నుకుంటూ పైకెక్కిన కాలు,
కిందికి తన్నడం కొత్త.
పంతొమ్మిది. ఇరవై. చెమట కళ్ళల్లోకి.
ఇరవైనాలుగోదానికి దగ్గింది,
వీధి సగం తెల్లగా పొగ, ఆగిపోయింది.
"దోమలు పోయాయి, అదో లాభం" అంది పల్లాలమ్మ.

ప్లగ్గు తడిసింది.
అడక్కుండానే పొయ్యి మీంచి పులుసు దింపి
పట్టకారుతో ప్లగ్గు పెట్టింది తనే, ఎర్రగా అయ్యేదాకా.
తర్వాత నేను కొట్టిన కిక్కుకి ఏమయిందో
పక్కింటి కోళ్ళనడగండి.

ఇవాళ తెల్లారకుండానే కాలవగట్టు మీద
సైకిలుకి గంటంపావు పట్టే తోటకి వెళ్ళాను.
గతుకుల్లో హెడ్‌లైటు ఆరుతూ వెలుగుతూ.
కత్తి నడుముకి, బంధం హేండిల్‌కి.

చెట్టెక్కాక కిందకి చూడ్డం నా అలవాటు కాదు,
నేర్పినాయన వద్దన్నాడు.
ఇవాళ చూశాను.
గట్టు మీద ఎండలో ఒంటికాలి స్టాండు మీద
ఓ పక్కకి ఒరిగి ఉంది,
నాకోసమే ఉన్నట్టు.

కింద దాని నీడలో నీడ కానిది
నల్లగా ఇంకోటేదో.
ఆయిలు.
వాషరయ్యుంటుంది.
సగం చెట్టు.